జనవరిలో వెలిగిన లైటు

వారాల పిన్నికి కోపం రావాలంటే పెద్ద కారణమేమీ అక్కర్లేదు, ఎదురు బిల్డింగు రెండో అంతస్తు కిటికీ కనిపిస్తే చాలు. ఆ కిటికీ దగ్గర కుట్టుమిషను వేసుకుని పొద్దస్తమానం కూర్చునేది ఆమె సొంత వదిన. వదినా ఆడపడుచుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందంటారే, వీళ్ళకి ఆ గడ్డి కూడా అక్కర్లేదు. రెండు బిల్డింగుల మధ్య ఉన్నది ముప్పై అడుగుల సిమెంటు ఆవరణ. ఆరేళ్ళుగా ఆ ముప్పై అడుగులు దాటి ఒక్క మాట అటు పోలేదు, ఇటు రాలేదు. ఏదైనా చెప్పి తీరాల్సి వస్తే మూడో మనిషిని మధ్యలో నిలబెట్టి, అతని మొహంలోకి చూస్తూ, పక్కనున్న మనిషికి వినబడేలా చెప్పేవాళ్ళు.

"ఆవిడగారి గుడ్డపీలికలు గాలికి మా బాల్కనీలోకి వచ్చి పడుతున్నాయని చెప్పండి."

"ఆ గాలిని నేను కుట్టలేదని చెప్పండి."

మధ్యలో నిలబడే ఈ ఖర్మ ఎక్కువగా పోస్టుమాన్‌దే. రిటైరై పదేళ్ళయినా తనకి ఉత్తరాలు మోసే పని తప్పలేదని నవ్వేవాడు పాపం. పిన్నికంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడు, అయినా అందరితో పాటు అతనూ ఆమెని పిన్నీ అనే పిలిచేవాడు. ఆమె అతన్ని పోస్టన్నయ్యా అనేది. ఈ వరస ఎలా కుదిరిందని ఎవరూ అడగలేదు.

పిన్ని బస్సు డిపోలో ముప్పై రెండేళ్ళు టైమ్‌కీపరుగా చేసింది. గేటు పక్కన అద్దాల గూట్లో కూర్చుని, ఏ బస్సు ఎన్నింటికి వెళ్ళిందో, ఎన్నింటికి వచ్చిందో రాయడం ఆమె పని. నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన డ్రైవర్ని అందరి ముందూ నిలబెట్టి కడిగిపారేసేది. టైరు పంక్చరైందని చెబితే "ఏ టైరు, ఏ వీధి, ఎన్నింటికి" అని అడిగేది. అబద్ధమైతే మూడో ప్రశ్నకి తేలిపోయేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా కదిపితే, "నా బస్సు రాలేదు. వచ్చిన రెండూ లేటు, ఎక్కలేదు" అని ఊరుకునేది. గడియారం విషయంలో ఆమె నోట అబద్ధం విన్నవాడు డిపో మొత్తం మీద ఒక్కడూ లేడు. ఆ ఒక్క సంగతే ఆమెకి గర్వం. ఉన్న కాస్త గర్వాన్నీ గట్టిగానే పట్టుకుని ఉండేది.

వారాల పిన్ని అన్న పేరు మాత్రం డిపో పెట్టింది కాదు, నారు పెట్టింది. ఆ ఊళ్ళో చలి మే నెల సగం దాటేదాకా పీడిస్తుంది. అప్పటిదాకా ఏ రాత్రి నేల గడ్డకడుతుందో చెప్పలేం. లేత మొక్కని బయట పెట్టారా, పొద్దుటికల్లా నల్లబడి వేలాడుతుంది. అలాగని చలి పోయాక విత్తనం వేస్తే కాయ పండేలోపు మళ్ళీ చలికాలం వచ్చి కూర్చుంటుంది. అందుకని విత్తనాలు ఇంట్లోనే మొలకెత్తించాలి. ఎప్పుడు? అక్కడే ఉంది తిరకాసంతా. పిన్ని చలి పోయే రోజునుంచి వెనక్కి లెక్కపెట్టేది. మే మూడో ఆదివారం నేల సిద్ధం. అక్కడినుంచి వెనక్కి పది వారాలు లెక్కేస్తే మిరప విత్తనం వెయ్యాల్సిన రోజు. మిరపది నత్తనడక, మొలకెత్తడానికే మూడు వారాలు తింటుంది. టమాటాకి ఏడు వారాలు చాలు, దానికి తొందరెక్కువ. అంతకంటే ముందే వేస్తే ఏమవుతుందని అడిగినవాళ్ళకి ఆమె జవాబు ఒకటే: "ఎండ లేని రోజుల్లో మొలిస్తే వెలుతురు కోసం మెడ చాచి చాచి సన్నబడి పడిపోతుంది. పడిపోకపోతే కుండీలోనే వేళ్ళు చుట్టుకుని ముసలిదైపోతుంది. విత్తనానికి నీ ఆత్రం ఏం తెలుసు?"

లెక్క ప్రకారం మార్చి రెండో ఆదివారం ఆమె ముందుగదిలో మిరప ట్రేలున్న పైఅరకి లైటు వెలిగేది. మూడు వారాలకి టమాటాలున్న కిందిఅరకి రెండోది. తెల్లటి ట్యూబులైట్లు, ఆవరణ మొత్తానికి కనిపించేవి. చుట్టుపక్కల తోటమళ్ళు ఉన్న పంతొమ్మిది కుటుంబాలకీ అదే క్యాలెండరు. పిన్ని పైలైటు వెలిగిందంటే మిరప, కిందిలైటు వెలిగిందంటే టమాటా. తారీఖు ఎవరూ చూసుకునేవాళ్ళు కాదు, కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకునేవాళ్ళంతే.

ఇంక గొడవంతా దేనికంటే, గాజు గదికి. బిల్డింగుల వెనక, తోటమళ్ళ చివర, పిన్ని అన్నయ్య కట్టిన గది అది. ఆయన కిటికీలు బిగించే వడ్రంగి. కూల్చేస్తున్న ఇళ్ళనుంచి పాత కిటికీలు మోసుకొచ్చి, నాలుగేళ్ళ ఆదివారాలన్నీ ధారపోసి, ఒక్కో అద్దం అతికి నిలబెట్టాడు. ఇళ్ళల్లో మొలిచిన నారుని నేలలో నాటేముందు కొన్నాళ్ళు బయటి గాలికి అలవాటు చేయాలంటే ఆ గదే దిక్కు. ఆదివారాల్లో చెల్లెలు నారు పోసేది, భార్య సంచులు కుట్టేది, మధ్యలో ఆయన ఈల వేసుకుంటూ చిత్రిక పట్టేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఆడవాళ్ళిద్దరూ ఒకరి టీ ఒకరు తాగినవాళ్ళే.

ఆరేళ్ళ కిందట గుండెపోటుతో ఆయన పోయాడు. ఆసుపత్రి వరండాలో వదిన సంతకాలు పెడుతుండగా, కొక్కేనికి వేలాడుతున్న ఆయన కోటు జేబులోంచి గాజు గది తాళంచెవి చెల్లెలు తీసుకుంది. అంతే జరిగింది. పిన్నిని అడిగితే, ఆ నిమిషంలో అన్నయ్యది ఏదో ఒకటి చేతిలో ఉంటే చాలనిపించిందని చెబుతుంది. వదినని అడిగితే, మొగుడి ఒళ్ళు చల్లబడకముందే జేబు కొట్టేసిన మనిషని చెబుతుంది. రెండూ నిజమే, ఏం చేస్తాం. స్థలం తోట సంఘానిది కాబట్టి సంఘం కూర్చుని, నారు పోసేది పిన్ని గనక గది ఆమె దగ్గరే ఉండాలనీ, మూడేళ్ళకోసారి చేతులెత్తి మళ్ళీ తేల్చుకుందామనీ తీర్మానించింది. ఒకసారి తేలింది. రెండోసారి తేలాల్సింది ఈ మేలో. ఈసారి వదిన కాగితం మీద రాసి మరీ అడిగింది, గది నా భర్త కట్టింది, నాకివ్వండి, నారు నేను పోస్తానని. ఇద్దరూ తలా ఒక ట్రే మిరప, ఒక ట్రే టమాటా పట్టుకొస్తే, చూసి చేతులెత్తుతామంది సంఘం.

ఆ కబురు తెచ్చిన పోస్టుమాన్ మీద పిన్ని ఒంటికాలి మీద లేచింది. "నారు పోస్తుందా ఆవిడ? బొత్తాం కుట్టినంత తేలికనుకుందా? దానికి వారాల లెక్క ఎప్పుడు తెలిసిందని? నా కిటికీ చూసే కదా ఇన్నాళ్ళూ వేసుకుంది!"

ఆ ఆఖరి మాట ఆమె నోట్లోంచి వచ్చిందో లేదో, బుర్రలో ఇంకేదో వెలిగింది. పోస్టుమాన్‌ని తొందర తొందరగా సాగనంపి తలుపేసుకుంది. అవును మరి, వదిన నా కిటికీ చూసే వేస్తుంది. పోయినేడు మిరప వేసింది, గదిని వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టం మీద ట్రే పెట్టి బాగానే పెంచింది, చెప్పుకోవడానికి సిగ్గుగానీ నా మొక్కలకంటే ఒక ఆకు ఎక్కువే. చెయ్యి మంచిదే దొంగమొహందానికి. లేనిదల్లా లెక్క. ఆ లెక్క నా దగ్గర ఎత్తుకుపోతోంది. ఎత్తుకుపోనీ, ఈసారి తప్పులెక్క ఎత్తుకుపోనీ.

జనవరి మూడో ఆదివారం, అంటే ఉండాల్సినదానికి సరిగ్గా ఏడు వారాల ముందు, వారాల పిన్ని ముందుగదిలో పైఅరకి ట్యూబులైటు వెలిగింది. దాని కింద నాలుగు ట్రేలు వరసగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ మట్టి లేదు, విత్తనం లేదు, ఏమీ లేదు. ముప్పై రెండేళ్ళు డ్రైవర్ల అబద్ధాలు పట్టుకున్న మనిషి ఖాళీ ట్రేలకి లైటు పెట్టి, పరదా అంచు పట్టుకుని ఎదురు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఎదురు కిటికీ గట్టు మీద ట్రేలు వెలిశాయి. నల్లటి మట్టి, పైన పల్చటి గుడ్డ. పిన్ని ఆ రోజు టీ రెండుసార్లు పెట్టుకుంది. అన్నయ్య పోయాక అంత హుషారుగా ఆమె ఎన్నడూ లేదు. "వెయ్యి తల్లీ వెయ్యి! మే నెలకల్లా వాటిని మంచమ్మీద పడుకోబెట్టి సెలైన్ ఎక్కించుకుందువుగాని" అని కిటికీ అద్దానికి చెప్పి, చెప్పినందుకు తనే నవ్వుకుంది.

నాలుగో రోజున పోస్టుమాన్ వచ్చాడు. చేతిలో విత్తనాల పొట్లం.

"ఏంటి పిన్నీ, ఈసారి ఇంత పెందలాడే మొదలెట్టేశావ్? మా పక్కింటావిడ చూసి చెప్పింది, పిన్ని లైటు వెలిగిందీ అని. నేను నమ్మలేదు. జనవరి కదా ఇంకా?"

ఇక్కడ ఆగి ఒక్క మాట చెప్పాలి. పిన్నికి అప్పటిదాకా మిగతా కిటికీలు గుర్తుకే రాలేదు. ఒట్టు, నిజంగా రాలేదు. కడుపుమంట ఒక్క కిటికీ మీదే ఉంటే మిగతావి ఎవరికి కనబడతాయి? పోస్టుమాన్ ఆ పొట్లం పట్టుకుని నిలబడ్డప్పుడు మాత్రం కనబడ్డాయి. ఆ నిమిషంలో ఆమె నిజం చెప్పొచ్చు. కానీ పోస్టుమాన్‌కి చెప్పిన మాట గంటలో ఆవరణ మొత్తం తిరుగుతుంది, ఎదురు కిటికీకి అరగంటలోనే చేరుతుంది. అతను దాచేది నేర్చుకోలేదు, పంచేదే నేర్చుకున్నాడు.

"ఈ ఏడు చలి తొందరగా పోతుందట" అంది పిన్ని, పొట్లం వైపు చూడకుండా.

"ఓహో, అలాగా! నీకు తెలియనిదేముంది. ఇవాళే వేసేస్తాను. మా ఆవిడ మంచం పక్కనే పెడతానులే, పక్షవాతం వచ్చి పడుకున్నప్పటినుంచీ పాపం గోడ తప్ప చూసేదేముంది దానికి? మొలకలైతే రోజూ లెక్కపెట్టుకుంటుంది."

అతను మెట్లు దిగుతుంటే పిన్ని తలుపు దగ్గరే నిలబడింది. పోస్టన్నయ్యా అని పిలవబోయింది కూడా. సరిగ్గా అప్పుడే ఎదురింట కుట్టుమిషను టకటకమంది, నోరు మూసుకుంది. మూడు వారాలయ్యాక కిందిఅర లైటు కూడా వేసింది. అప్పటికి ఎవరూ వచ్చి అడగలేదు, అందరూ చూసుకుని వేసేసుకున్నారు.

అసలు విత్తనాలు మార్చి రెండో ఆదివారమే వేసింది, వెనకగదిలో, కిటికీకి రగ్గు బిగించి, చిన్న లైటు కింద. టమాటాలు మార్చి ఆఖరి ఆదివారం. లెక్క వారం తప్పలేదు. మొలకలు కూడా తప్పలేదు, దిట్టంగా, పొట్టిగా, ముదురాకుపచ్చగా వచ్చాయి. రోజూ వాటి మీద అరచెయ్యి ఆనించి అటూ ఇటూ నిమిరేది, కాడ గట్టిపడాలని. ముందుగదిలో ఖాళీ ట్రేల మీద లైట్లు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉన్నాయి. ఎదురు కిటికీకి మార్చిలో దళసరి పరదా పడింది. చూశావా, మొక్కలు పడిపోయాయి, సిగ్గేసి పరదా కట్టింది అనుకుంది పిన్ని. ఆ రోజు మూడోసారి కూడా టీ పెట్టుకుంది.

ఆవరణలో మాత్రం మాటలు మారుతూ వచ్చాయి. ఫిబ్రవరిలో "మొలిచాయి" అన్నవాళ్ళు మార్చిలో "ఏంటో సాగిపోతున్నాయి" అన్నారు. ఏప్రిల్‌లో పుల్లలు గుచ్చి దారాలతో కట్టారు. మందుల షాపాయన, సంఘం అధ్యక్షుడు ఆయనే, మిరపకి కుండీలోనే పూత వచ్చిందని సంబరపడి, వారానికల్లా పూతా ఆకూ కలిపి రాలిపోతే మొహం వేలాడేసుకున్నాడు. పోస్టుమాన్ మెట్ల దగ్గర కనబడి, "పద్దెనిమిది మొలిచాయి పిన్నీ, పదకొండు ఉన్నాయి" అన్నాడు. ఇంకో వారానికి "ఆరు" అన్నాడు. ఆ తరవాత అతను ఎదురుపడితే పిన్ని రెండో మెట్లవైపు నుంచి దిగడం మొదలెట్టింది. తనకి తాను ఏం చెప్పుకుందంటే, ఒక్క ఏడు, ఒక్క ఏడే కదా, గది నిలబడితే వచ్చే ఏడు అందరికీ నేనే నారు పోసి ఇస్తాను, తీరిపోతుంది అని.

మే మూడో ఆదివారం పొద్దున గాజు గది ముందు పొడుగాటి బల్ల వేశారు. పిన్ని తన రెండు ట్రేలూ తెచ్చి ఈ చివర పెట్టి, ఆ చివరకి చూసి, గతుక్కుమంది.

వదిన ట్రేలు తెచ్చింది. రెండింటిలోనూ పొట్టిగా, దిట్టంగా, ముదురాకుపచ్చగా నారు. పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేం. పది వారాల మిరప, ఏడు వారాల టమాటా. రోజు కూడా తప్పలేదు. పిన్ని కళ్ళు మొక్కల మీదినుంచి పైకి లేచేసరికి వదిన ఆమెనే చూస్తోంది. మొహంలో కోపం కూడా లేదు, అదే భరించలేకపోయింది పిన్ని. జనవరిలో కిటికీ గట్టు మీద కనబడ్డ ఆ ట్రేల్లో మట్టి తప్ప ఇంకేమీ లేదని అప్పుడు అర్థమైంది. పాతికేళ్ళ ఆదివారాలు ఒకే బల్ల దగ్గర పనిచేసిన మనిషికి తన ఆడపడుచు జనవరిలో మిరప వెయ్యదని తెలియదా? తెలియకుండా పోతుందని అనుకున్నది ఈవిడే.

ఇంతలో మిగతావాళ్ళు వచ్చారు. సంఘం ఆనవాయితీ ప్రకారం ఎవరింట్లో మొలిచినవి వాళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాలి. తెచ్చారు. పెట్టడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. మూరెడు పొడవు సాగి, వడలి, పుల్లలకి వేలాడుతున్న కాడలు. కొందరివి ఖాళీ కుండీలు. ఒకావిడ ట్రే మీద తువ్వాలు కప్పి తెచ్చింది, కప్పే ఉంచింది. పోస్టుమాన్ చేతిలో ఒకే ఒక్క మిరప మొక్క, దానికి నాలుగు ఆకులు, అందులో రెండు పసుపు.

"అదే రోజు వేశాం" అన్నాడు మందుల షాపాయన తల గోక్కుంటూ. "పిన్ని లైటు వెలిగిన మర్నాడే. ఆవిడవి చూడండి, మనవి చూడండి. మన చేతుల్లోనే ఉంది దరిద్రం."

"నేను నీళ్ళెక్కువ పోశాను" అంది తువ్వాలు ఆవిడ.

"నేను తక్కువ పోశాను."

"మా ఇంట్లో గాలి రాదు, ముందే అనుకున్నా."

ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, లైటు వైపు వేలు చూపిస్తారేమోనని పిన్ని చూసింది. చూపించలేదు. చేతులెత్తమంటే పంతొమ్మిదిలో పదహారు చేతులు ఆమెకే లేచాయి. వదిన నారు కూడా బాగానే ఉంది, కాదనం, కానీ పిన్ని లేకపోతే మనకి వారం చెప్పేదెవరు అన్నారు. మందుల షాపాయన పుస్తకంలో ఆమె పేరు రాసి, ఇంకో మూడేళ్ళు అని గీత గీశాడు. గెలిచింది. అన్నయ్య గది ఆమెదే.

అప్పుడు పోస్టుమాన్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "పిన్నీ, మా ఆవిడ అడగమంది. నీ దాంట్లోంచి రెండు మొక్కలిస్తావా? మావి పోతుంటే రోజూ నన్ను తిట్టింది, నీళ్ళు పొయ్యడం కూడా చేతకాదా అని. తిట్టనీలే, దానికి ఓపిక వచ్చిందని సంతోషించాను. నిన్న మాత్రం తిట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది."

పిన్ని ఆ మాట పూర్తిగా వినలేకపోయింది. "బుద్ధుందా మీకు?" అని అరిచింది. అందరూ తిరిగి చూశారు. "పంతొమ్మిది ఇళ్ళల్లో ఒక్కరికి బుర్ర లేదా? జనవరిలో ఎవరైనా విత్తనం వేస్తారా? పదిహేడు వారాల ముందు మిరపేంటి? ఆ లైటు కింద మట్టి లేదు! ఖాళీ ట్రేలు! అన్నీ ఖాళీ! నేను మార్చిలో వేశాను, వెనకగదిలో, మీకు కనబడకుండా. మీ చేతులకేం రోగం లేదు, నేను మిమ్మల్ని మోసం చేశాను!"

మందుల షాపాయన నవ్వాడు, చాలా మెత్తగా.

"ఊరుకో పిన్నీ. మేం బాధపడకూడదని నీ మీద వేసుకుంటావా?"

"నిజం చెబుతున్నానయ్యా!"

"నువ్వూ, వారం విషయంలో అబద్ధమూనా? ఎవరికి చెబుతావ్? నా చిన్నప్పుడు మా నాన్న బస్సు రెండు నిమిషాలు లేటైతే, ఆయన్ని గేటు దగ్గర ఎండలో నిలబెట్టావు నువ్వు."

తువ్వాలు ఆవిడైతే కళ్ళొత్తుకుంటూ వచ్చి పిన్ని చెయ్యి పట్టుకుంది. ఎంత మంచిదానివమ్మా అంది. పిన్నికి ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించింది. చెప్పేకొద్దీ వాళ్ళ మొహాల్లో జాలి పెరుగుతోంది. నిజం తెలిసిన మనిషి ఆ బల్ల దగ్గర ఇంకొక్కతే ఉంది. పిన్ని ఆ చివరకి తిరిగింది. ఆరేళ్ళ తరవాత, మధ్యలో ఎవర్నీ నిలబెట్టకుండా, నేరుగా పిలిచింది.

"వదినా! నువ్వు చెప్పు. నీకు తెలుసు. ఆ లైటు నీకోసం పెట్టాను. చెప్పు వీళ్ళకి, గది తీసుకో, కానీ చెప్పు."

వదిన ట్రేలు రెండూ పక్కపక్కన చేర్చి ఎత్తుకోవడానికి సర్దుకుంటోంది. తొందరపడలేదు. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. ఒక్క మాట చాలు, చేతులు మళ్ళీ లెక్కపెడతారు, గది ఆమెకి వస్తుంది, ఆ సంగతి ఆమెకీ తెలుసు. కాసేపు గాజు గది అద్దాలవైపు చూసింది. మొగుడు అతికిన అద్దాలు.

"నాకేం తెలుసండీ?" అంది అందరితో. "నా కిటికీకి పరదా ఉంది. మా ఆడపడుచు ఏనాడూ వారం తప్పింది లేదు. మీ చేతులే మంచివి కావు."

ట్రేలు ఎత్తుకుని వెళ్తూ పిన్ని పక్కన ఆగింది. ఇంకెవరికీ వినబడనంత చిన్నగా చెప్పింది.

"గది కావాలనే అడిగాను మరదలా, అబద్ధమెందుకు. ఆయన చేతులు తగిలిన చోటు అదొక్కటే ఉంది నాకు. కానీ ఇప్పుడు నిన్ను చూస్తుంటే అందులో నువ్వుండటమే బాగుందనిపిస్తోంది. తాళంచెవి నీ దగ్గరే ఉండనీ. రోజూ తలుపు తీసి, అందులో కూర్చో. ఈ పాపిష్టి మొహాన్ని మీ అన్నయ్యకి చూపించు. వీళ్ళెవరూ నిన్ను తిట్టరు. నేనూ తిట్టను ఇంక."

అని వెళ్ళిపోయింది. ఆవరణ దాటి, మెట్లెక్కి, వెనక్కి ఒక్కసారి కూడా చూడలేదు.

బల్ల దగ్గర జనం పల్చబడ్డారు. పిన్ని బెంచీ మీద కూలబడింది. పోస్టుమాన్ వచ్చి పక్కన కూర్చుని, తన ఒంటిమొక్క కుండీని ఒళ్ళో పెట్టుకున్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలూ తీశాడు. అందులో జనవరినుంచి ఏ రోజు ఎన్ని నీళ్ళు పోశాడో, కిటికీ ఎన్నింటికి తెరిచాడో, పొద్దున ఎన్ని మొక్కలు మిగిలాయో వరసగా రాసి ఉంది. మొదటి అంకెలు అతని చేతిరాత. తరవాతివి వంకరటింకరగా, ఎడమచేత్తో రాసినట్టు ఉన్నాయి, అవి అతని భార్యవి.

"వాళ్ళందరూ వెళ్ళారుగా, ఇప్పుడు మొహమాటం లేకుండా చెప్పు పిన్నీ" అన్నాడు. "ఇది చూసి, నా తప్పు ఎక్కడ జరిగిందో ఆ రోజు దగ్గర గీత పెట్టు. ఇంటికెళ్ళి దానికి చూపించాలి."

పెన్సిలు ఆమె చేతిలో పెట్టి, ఆమె గీత పెట్టేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు.